ఒంటి ముడి తీగ

కిందటి వారం మనం ఆ పెరట్లోంచి వచ్చేసేటప్పటికి కారు నోరు తెరుచుకుని ఉంది, తాతా మనవరాలూ నోళ్లు మూసుకుని ఉన్నారు. ఇవాళ శనివారం మధ్యాహ్నం. మార్పేమీ లేదు. కారు బానెట్ ఇంకా లేచే ఉంది. వాళ్లిద్దరికీ ఇంకా మాటల్లేవు.

మనవరాలిని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు. మేనమామ వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకుని పని నేర్చుకున్న పిల్ల. ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ము కప్పుకుని పడి ఉన్న తాత కారును, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా విప్పేసింది. అదీ గొడవ. "దాని కడుపు కోసే ముందు నన్ను అడగాలని తెలీదా?" అని ఆయన అలిగారు. "బాగుచేసి చూపిద్దామనుకుంటే అదీ తప్పేనా?" అని ఇది అలిగింది. చివరికి తండ్రి తీర్పు చెప్పాడు. శనివారం సాయంత్రం పాత ఇనుము లారీ వస్తుంది. అది వచ్చేలోపల కారు ఎవరూ తొయ్యకుండా తనంతట తాను గేటు దాటితే షెడ్డు పిడుగుది, బోర్డు పెట్టుకుని మెకానిక్ పని చేసుకోవచ్చు. దాటకపోతే కారు లారీ ఎక్కుతుంది, పిడుగు మేనత్త చూసిపెట్టిన ఆఫీసులో టోకెన్లిచ్చే కుర్చీ ఎక్కుతుంది.

తీర్పు తండ్రిదే కానీ, లారీ ఆలోచన మాత్రం తల్లిది.

ఆ తల్లి ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తడిపిన గోనెసంచి. కాళ్ల దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక.

"పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదమ్మా," అంది పిడుగు, ఇంజన్‌లోంచి తల ఎత్తకుండా.

"నీళ్లు కారుకెవరు పోస్తారే? నీళ్లు నీకు. ఇసుక కారుకి."

ఆమె తీరే అంత. ఇంట్లో ఎవరైనా కాస్త ఆలస్యంగా వస్తే ఆస్పత్రి ఫోన్ నంబరు వెతికి పెట్టుకుంటుంది. పిల్ల దగ్గితే నిద్రపోదు, దగ్గకపోతే లేచి ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తుంది. అలాంటి మనిషికి కూతురు వచ్చి, "అమ్మా, నేను మెకానిక్ అవుతా," అంటే ఎలా ఉంటుంది? ఫ్యాన్ రెక్క వేళ్లు కోస్తుంది, జాకీ జారుతుంది, బ్యాటరీ పేలుతుంది అని ఆరోజు నుంచీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా మొగుడి చెవిలో పోస్తూనే ఉంది. ఆ పోరు పడలేకే ఆయన లారీకి కబురు పెట్టాడు.

పైగా ఆ కారుతో ఆమెకున్న లెక్కలు వేరే.

పెళ్లై వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న మామగారు పెరట్లోంచి, "పెద్దమ్మాయికి నీళ్లు పెట్టారా? పెద్దమ్మాయికి ఒళ్లు తుడిచారా?" అని కేకలు వేస్తుంటే కొత్తకోడలికి గుండె జారిపోయింది. ఇంకో ఆడపడుచు ఉందని తనకెవరూ చెప్పలేదే! మంచం మీద ఉందో, మతి తప్పిందో, ఎందుకు దాచారో అని రోజంతా కుమిలిపోయింది. సాయంత్రం ధైర్యం చేసి, "వదినగారిని ఒకసారి చూడొచ్చా?" అని మొగుణ్ని అడిగింది. ఆయన షెడ్డు తలుపు తీసి చూపించాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో చాలాకాలం ఆగలేదు. అప్పటి నుంచీ ఆమె ఆ కారును ఇనప ఆడపడుచు అనే పిలుస్తుంది. ఇంటి మగవాళ్ల ముద్దు మురిపెం అంతా దానికే దక్కిందని ఎక్కడో ఓ మూల చిన్న కినుక కూడా ఉంది.

"ఇంకోసారి తిప్పుతున్నా. తాళంచెవి తిప్పమని చెప్పు," అంది పిడుగు.

చెప్పాల్సింది ఎవరికో కాదు. మామగారు ఆ కార్లోనే, డ్రైవర్ సీట్లోనే ఉన్నారు. తలుపు బార్లా తీసుకుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, పొద్దుట్నుంచీ అక్కడే కూర్చున్నారు. "ఇంజన్ మీరు విప్పుకున్నారు. సీటు మాత్రం నాది," అని ప్రకటించి మరీ ఎక్కారు. పిడుగు కారు ముందు, రేడియేటర్ కింద రంధ్రంలో దూర్చిన ఇనప హాండిల్ పట్టుకుని వంగి ఉంది. మధ్యలో బానెట్ అడ్డం. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఇద్దరూ 'అమ్మా' అని పిలిచేది ఆమెనే.

"మామయ్యగారూ, తాళంచెవి తిప్పమంటోంది."

"తిప్పానని చెప్పమ్మా."

"తిప్పారుటే. ఒసే, చెయ్యి జాగ్రత్త! మొన్న ఆ హాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగిందని ఎవరో..."

పిడుగు ఊపిరి బిగబట్టి హాండిల్ తిప్పింది. ఇంజన్ గరగరమంది. మళ్లీ తిప్పింది. ఈసారి కార్బురేటర్ నోట్లోంచి 'ఫట్' అని నిప్పు తునక, దాని వెనకే నల్లటి పొగ. ప్రహరీ మీద కాకులు లేచిపోయాయి. తల్లి రెండు బకెట్లూ ఎత్తింది. ఏది ఎటు పోస్తోందో చూసుకునే వ్యవధి లేక ఇసుక కూతురి మీద, నీళ్లు తన కాళ్ల మీద పోసేసింది.

పొగ విడిపోయాక పిడుగు నెత్తిన ఇసుకతో, ముక్కు కింద మసి మీసంతో నిలబడి ఉంది.

"అంటుకోలేదమ్మా! అసలు అంటుకుంటే బాగుండును, అదే కదా నా ఏడుపు!"

ముందద్దం వెనక నుంచి మామగారి గొంతు వినబడింది. "పెద్దమ్మాయి తుమ్మింది. ముక్కు తప్పు చోట గిల్లారని చెప్పు."

"గిల్లాల్సిన చోటే గిల్లానని చెప్పు!"

"మీరే చెప్పుకోండర్రా, నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అంది తల్లి, తడి కాళ్లు దులుపుకుంటూ. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి పిడుగు చెయ్యని పని లేదు. పెట్రోలు సాఫీగా వస్తోంది. ప్లగ్గు ఊడదీసి ఇంజన్‌కి ఆనించి చూస్తే నీలంగా, టకటకా నిప్పురవ్వ పడుతోంది. రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు రేకు పెట్టి కొలిచింది. ఇంజన్ ముందున్న పుల్లీ చక్రం మీద గాటు, ఎదురుగా ఉన్న ముల్లు సరిగ్గా ఎదురెదురుగా కలిశాయి. ఎలుకలు కొరికి పోగులు చేసిన పాత తీగలు పారేసి కొత్తవి వేసింది. మామగారు కారును మూలపెట్టిన రోజున, మళ్లీ బిగించేటప్పుడు తికమక ఉండకూడదని ప్లగ్గుల తీగలకు ఎర్రదారం కట్టి ఉంచారు. ఒకటో దానికి ఒక ముడి, రెండో దానికి రెండు, అలా నాలుగు దాకా. ఆ దారాలను కూడా పిడుగు పారెయ్యలేదు. పాత తీగల మీంచి జారదీసి, ప్లగ్గులకు వంతులవారీగా రవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ టోపీలో అవే రంధ్రాల్లో దిగే కొత్త తీగలకు తొడిగి, ఒంటి ముడి తీగ ఒకటో ప్లగ్గుకి, రెండు ముడుల తీగ రెండో ప్లగ్గుకి, లెక్క తప్పకుండా పెట్టింది. అంతా సరిగ్గానే ఉంది. అయినా కారు తుమ్ముతోందే తప్ప లేవడం లేదు.

"అసలు రోగమేమిటే?" అంది తల్లి. అడక్కూడదనుకుంటూనే అడిగింది.

"టైమింగమ్మా. లోపల నాలుగు గదులున్నాయనుకో. ఒక్కో గదిలో పెట్రోలూ గాలీ కలిసి బాగా నొక్కుకుని, ఇంక పట్టదు అనే సమయానికి రవ్వ పడాలి. మరీ ముందు పడితే తంతుంది. మరీ ఆలస్యమైతే నీరసపడుతుంది. గంట నుంచీ డిస్ట్రిబ్యూటర్ని గోరంత అటూ, గోరంత ఇటూ తిప్పి చస్తున్నా."

తల్లి తలూపింది. "అంటే మీ నాన్నని ఊరెళ్తానని అడగడం లాంటిదన్నమాట. భోజనానికి ముందు అడిగితే తంతాడు. కునుకు పట్టాక అడిగితే ఊ కొట్టడు."

సీట్లోంచి కిసుక్కున నవ్వు. పిడుగు కూడా నవ్వబోయి, తాత నవ్వాడు కాబట్టి మానుకుంది.

అప్పుడే పిడుగు గోడ నీడ వంక చూసింది. నీడ తులసికోటంత పొడుగు సాగి షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. లారీ వచ్చే వేళ దగ్గర పడుతోంది. హాండిల్ మీద వేళ్లు బిగిసాయి. చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుంటే మసి మీసం కాస్తా చెంపల దాకా పాకింది.

"టోకెన్లు... ఒకటి, రెండు, మూడు అని పిలవడానికి నేనెందుకమ్మా? గంట కొట్టే డబ్బా పెట్టుకోవచ్చుగా వాళ్లు," అంది.

తల్లి కూతురి మసి మొహం వంక చూసింది. లారీ రావాలనే కదా తను కోరుకున్నది! ఇదిగో, కోరుకున్నట్టే జరగబోతోంది. కారు లేవదు, వేళ్లు తెగవు, బ్యాటరీ పేలదు. పిల్ల శుభ్రమైన బట్టలేసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని, ఏ దెబ్బా తగలకుండా రోజురోజుకీ ఇలాగే బిక్కమొహం వేసుకుని ఇంటికొస్తుంది. ఇన్నాళ్లూ ఎన్నో రకాల గండాలు ఊహించుకుంది గానీ, ఈ రకం గండం ఉంటుందని ఆమెకి తట్టనేలేదు.

గోనెసంచి కింద పడేసింది.

"మామయ్యగారూ! ఇంతకాలం ఈవిడగారిని మీరే కదా ఏలారు. ఇలాంటప్పుడు మీరేం చేసేవారో చెప్పండి. నాకు చెప్పండి. దానికి చెప్పక్కర్లేదు."

మామగారు స్టీరింగ్ నిమిరారు. "బొటనవేలు," అన్నారు.

"బొటనవేలా?"

"ఒకటో ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టాలి. ఇంకొకరు హాండిల్ మెల్లిగా తిప్పాలి. లోపల నొక్కుడు మొదలవగానే గాలి వేలిని తన్నుతుంది. పుల్లీ గాటు కలిసేదాకా తిప్పి అక్కడ ఆపాలి. ఆ తన్నినప్పుడే రవ్వ పడాలి. అప్పుడు టోపీ ఎత్తి, లోపల తిరుగుతూ రవ్వ పంచే రోటర్ ఎటు చూస్తోందో చూడాలి. అది ఒంటి ముడి తీగ వైపు చూస్తే అంతా సవ్యం."

"హాండిల్ నేను తిప్పాలి. వేలెవరు పెడతారు?" అంది పిడుగు గాలిలోకి చూస్తూ.

మామగారి నడుం వంగదు. పెరట్లో ఇంకెవరూ లేరు. తల్లి తన కుడిచేతి బొటనవేలిని ఆఖరుసారి చూసుకుంటున్నట్టు చూసుకుంది.

"తాళంచెవి తీసి నా చేతిలో పెట్టండి మామయ్యగారూ. ఒసే, నువ్వు బ్యాటరీ తీగ ఊడదియ్యి. ఆ ఫ్యాన్‌ని తాడుతో..."

"ఫ్యాన్ తిరక్కపోతే ఇంజన్ తిరగదమ్మా."

"అయితే నువ్వు మెల్లిగా తిప్పు. నా వేలు పోతే రేపట్నుంచి వంట నువ్వే చెయ్యాలి, గుర్తుపెట్టుకో!"

తాళంచెవి ఎడమ గుప్పిట్లో బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని, పిడుగు చూపించిన రంధ్రం మీద బొటనవేలు పెట్టింది. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది. పిడుగు హాండిల్ తిప్పడం మొదలుపెట్టింది. ముందు ఏమీ లేదు. తర్వాత లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు చర్మం కాస్త లోపలికి లాగింది. ఆ తర్వాత, అమ్మో, లోపలి నుంచి ఎవరో ఉఫ్‌మని ఊదినట్టు వేలు ఎగిరిపడింది.

"తన్నింది! తన్నింది!" అని కెవ్వుమంది. మరుక్షణం కళ్లు తెరిచి వేలు చూసుకుంది. వేలు వేలులాగే ఉంది. ఆమె మొహంలోకి ఒక వింత వెలుగొచ్చింది. "ఒసే పిడుగూ, ఇది బతికే ఉందే! నువ్వు కడుపులో ఉన్నప్పుడు తన్నినట్టే తన్నింది!"

"గాటు కలిసింది," అంది పిడుగు ఒగరుస్తూ. టోపీ ఎత్తింది. లోపలికి చూసి నొసలు చిట్లించింది. "రోటరు... నాలుగు ముడుల తీగ వైపు చూస్తోంది."

"నాలుగు ముడుల వైపు చూస్తోందిట మామయ్యగారూ."

"అబద్ధం."

"అబద్ధం అంటున్నారే."

"కళ్లతో చూస్తున్నా కదమ్మా!"

"పెద్దమ్మాయి ఒకటో దాంట్లో తన్ని నాలుగో దానివైపు చూడదు. అలాంటి బుద్ధులు దానికి లేవు," అంటూ మామగారు పొద్దుట్నుంచి మొదటిసారి సీటు దిగారు. నడుం మీద చెయ్యి వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి బానెట్‌లోకి తొంగి చూశారు. కోడలు బొటనవేలు మళ్లీ ఆ రంధ్రం మీదే పెట్టుకుని ఉంది. తియ్యమని ఎవరూ చెప్పలేదు కదా.

"అక్కడెందుకు పెట్టావమ్మా? ఒకటోదాని మీద పెట్టమన్నాను కదా."

"ఇది ఒకటోదే కదండీ!"

"ఒకటోదే!" అంది పిడుగు.

"ఇది నాలుగోది!" అన్నారు మామగారు.

 పిడుగు తాత మొహంలోకి చూసింది. అలక మర్చిపోయింది. వయసు మీద పడి తాతకి మతి చలించిందేమోనన్న బెంగ దాని కళ్లలోకి వచ్చింది.

"తాతా," అంది మెల్లిగా, చిన్నపిల్లాడితో చెప్పినట్టు. "రేడియేటర్ పక్కన ఉన్నది ఒకటి. దాని వెనక రెండు, మూడు. చిట్టచివర, నీ సీటు వైపున్నది నాలుగు. లోకమంతా అలాగే లెక్కపెడుతుంది."

"లోకంతో నాకేంపని? నేను..."

ఆయన మాట పూర్తి కాలేదు. తల్లి నవ్వడం మొదలుపెట్టింది. వేలు రంధ్రం మీద ఉంచుకునే, ఒళ్లంతా ఊగిపోయేలా, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతోంది.

"మూడో కొట్టు!" అంది. "పిడుగూ, మూడో కొట్టే!"

"ఏం కొట్టమ్మా? నీకూ ఏమైనా అయిందా?"

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ తాత నన్ను మూడో కొట్టుకెళ్లి పిండి తెమ్మన్నారు. వీధిలో అందరూ కొట్లు పెద్దరోడ్డు వైపు నుంచి కదా లెక్కపెడతారు. నేనూ అలాగే లెక్కపెట్టుకుని పోతే అది కమ్మరి కొట్టు! పిండి ఇమ్మంటే ఆ కమ్మరాయన నావంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మీ తాతకి మూడో కొట్టంటే మన గుమ్మం నుంచి మూడోదే! ఆయనకి ఏ లెక్కైనా ఆయన కూర్చున్న చోటు నుంచే మొదలవుతుందే! ఇంజన్ కూడా..."

పిడుగు గిర్రున తిరిగి డ్రైవర్ సీటు చూసింది. సీటు నుంచి ఇంజన్ చూసింది. ఇంజన్ నుంచి తన కాళ్ల దగ్గరున్న హాండిల్ చూసింది. నోరు తెరుచుకుంది.

"నీ ఒంటి ముడి... సీటు దగ్గర ప్లగ్గుదా తాతా?"

"మరి? నడిపేవాడికి దగ్గరున్నది కాక, ఎక్కడో ఊరవతల రేడియేటర్ దగ్గరున్నది ఒకటో నంబరా? ఏం చోద్యం!" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"అయ్యో దేవుడా! అమ్మా, ఒకటో గదిలో, నాలుగో గదిలో పిస్టన్లు ఎప్పుడూ కలిసే పైకొస్తాయి. ఒకటి నొక్కుతున్నప్పుడు ఇంకోటి పొగ బయటికి ఊదేస్తుంటుంది. అందుకే గాటు కలిసింది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడింది! నేను ప్రతి గదిలోనూ పొగ ఊదే వేళ రవ్వ వేస్తున్నా. అన్నం దింపేశాక పొయ్యి వెలిగించినట్టు! గోరంత తేడా కోసం వెతుకుతున్నా, ఇక్కడ సగానికి సగం తలకిందులు!"

"మరి నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు తాత.

"మరి నువ్వొక్క మాట చెబితే నీదేం పోయేది?"

"నువ్వడగలేదుగా!"

"నువ్వు నాతో మాట్లాడొద్దన్నావుగా!"

ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకున్నారు. మాట్లాడేసుకున్నామని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. తాత గడ్డం వణికింది. అది కోపం కాదు. పిడుగు ఫక్కుమంది. అంతే, ముగ్గురూ బానెట్ అంచు పట్టుకుని పగలబడి నవ్వారు.

"ఇంక నా వేలు తియ్యొచ్చా?" అంది తల్లి చాలాసేపటికి.

తీగలు మార్చడం ఎంత పని? ఒంటి ముడి తీగ సీటు వైపుకి, నాలుగు ముడులది రేడియేటర్ వైపుకి, మధ్యలో రెండూ మూడూ అటుదిటు. పిడుగు వేళ్లు ఆడుతుంటే తాత పక్కన నిలబడి, "ఆఁ, గట్టిగా నొక్కు, టిక్కుమనాలి," అంటున్నారు. ఆ 'టిక్కు' నాలుగుసార్లూ వినబడింది. ఆయన పోయి సీటెక్కారు. తల్లి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. ఇసుక బకెట్లో ఇసుక లేదని గుర్తొచ్చింది. అయినా అక్కడ్నుంచి కదల్లేదు.

పిడుగు హాండిల్ ఒక్కసారే తిప్పింది.

పెద్దమ్మాయి ముందు గొంతు సవరించుకుంది. తర్వాత దగ్గింది. ఆ తర్వాత షెడ్డు రేకులు దడదడలాడేలా లేచింది! వెనక గొట్టంలోంచి ఇన్నేళ్ల దుమ్ము, ఒక ఎలుక గూడు, ఇంత పొగ బయటికొచ్చాయి. పిడుగు హాండిల్ గాల్లోకి ఎగరేసింది. "అది నెత్తిన పడుతుందే!" అని అరుస్తూనే తల్లి చప్పట్లు కొట్టింది.

"ఆగండాగండి," అన్నారు తాత కిటికీలోంచి. ఆక్సిలరేటర్ మీద కాలేసి ఒక్కసారి తొక్కారు. లోపల గోళీలు రాలినట్టు టకటకమంది. "రవ్వ ఇంకా కాస్త ముందు పడుతోంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి తిప్పు."

"ఎంత వెంట్రుక తాతా? నా చెవికి తెలియట్లేదు."

"నాకూ చెవులు సరిగా పనిచెయ్యట్లేదే."

ఇద్దరూ కలిసి తల్లి వంక చూశారు. ఇంట్లో గ్యాస్ బండ దగ్గర బుస్సుమన్నా, కుళాయి బొట్టు పడినా, పక్కింటి మేడ మీద ఎవరైనా తుమ్మినా ముందు వినబడేది ఆ చెవులకే.

"అమ్మా, నువ్వేం చెయ్యక్కర్లేదు. వింటూ ఉండు. భయం వేస్తే వేసిందని చెప్పు."

"ఇప్పుడు వేస్తోందే."

పిడుగు డిస్ట్రిబ్యూటర్ని కొంచెం తిప్పింది. తాత ఆక్సిలరేటర్ తొక్కారు.

"ఇంకా వేస్తోంది... ఇంకా... ఆఁ, కొంచెం తగ్గింది... అయ్యయ్యో, ఇప్పుడు నీరసంగా ఉంది, పాపం ఆయాసపడుతోంది, కాస్త వెనక్కి తిప్పు... ఇదిగో, ఇక్కడ... ఇక్కడ..." ఆమె ఆగిపోయింది. ఇంజన్ కుట్టుమిషన్‌లా ఒకే తీరున ఆడుతోంది. "ఏమిటే ఇది? ఇక్కడ అసలు భయమే వెయ్యట్లేదు!"

"బిగించెయ్!" అన్నారు తాత. పిడుగు బోల్టు బిగించేసింది.

బానెట్ దభేల్మని పడింది. తాత పక్క సీట్లోకి జరిగారు. ఇన్నేళ్లలో ఆయన డ్రైవర్ సీటు ఇంకొకరికి ఇవ్వడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "రా, కూర్చో," అన్నారు. "ఇక నుంచి ఒకటో నంబరు నీ దగ్గర్నుంచే." పిడుగు చేతుల మసి తుడుచుకుంది. ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకుంది.

"ఎక్కమ్మా నువ్వు కూడా."

తల్లి ఇల్లు చూసింది. తలుపు తాళం వెయ్యలేదు, పొయ్యి కట్టేసిందో లేదో గుర్తులేదు. వెళ్లి వెనకసీట్లో కూర్చుంది. తన ఇనప ఆడపడుచు ఒళ్లో కూర్చోవడం ఎన్నేళ్ల తర్వాతో! సీటు మీద అరచెయ్యి వేసి, ఎవరికీ వినబడకుండా, "వదినా, ఇన్నాళ్లూ అన్న మాటలు మనసులో పెట్టుకోకు," అంది.

కారు కదిలింది. ఎవరూ తొయ్యలేదు. షెడ్డు దాటింది, పెరడు దాటింది, గేటు రెండు స్తంభాల మధ్య నుంచి రాణిలా వీధిలోకి నడిచింది.

"దాటాం! తాతా, దాటాం! లారీ ఇంకా రాలేదు! షెడ్డు నాది!"

ఎదురింటి దర్జీ సూదీ దారం పట్టుకునే అరుగు మీదకి పరుగెత్తుకొచ్చి చెయ్యి ఊపాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తల్లి కిటికీలోంచి తల బయట పెట్టింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కూతుర్ని బస్సు కిటికీలోంచి లోపలికి లాగి ఉంటుంది, తల బయట పెట్టకే అని! గాలికి జుట్టు చెదిరి మొహాన పడుతుంటే సర్దుకోవాలని కూడా తోచలేదు. "మా అమ్మాయే!" అని అరిచింది దర్జీకి వినబడేలా. "బాగుచేసింది మా అమ్మాయే! నా వేలు కూడా ఉంది అందులో!"

వీధి అక్కణ్నుంచి కిందికి వాలుతుంది. పెద్దరోడ్డు దాకా పల్లమే. కారు ఉత్సాహంగా దిగుతోంది. మలుపు తిరిగేసరికి కింది కొసన, వీధంతా తానై, అటు గోడకీ ఇటు గోడకీ జానెడు సందు వదిలి, పాత ఇనుము లారీ పైకి ఎక్కి వస్తూ కనబడింది.

"చూడనీ, లారీవాణ్నీ చూడనీ!" అన్నారు తాత తొడ చరుచుకుని. "ఆపి, హారన్ కొట్టి, ఖాళీ లారీ తిప్పుకుపొమ్మని చెబుదాం!"

 పిడుగు కుడికాలు పెడల్‌ని ఒకసారి నొక్కింది. మళ్లీ నొక్కింది. పెడల్ దూది దిండులా మెత్తగా నేల దాకా దిగిపోయింది. అద్దంలో దాని కళ్లు వెనకసీటు వైపు తిరిగాయి.

"అమ్మా," అంది చాలా చిన్న గొంతుతో. "పొద్దుట్నుంచీ లోకంలో ఉన్నవన్నీ తలుచుకుని భయపడ్డావు కదా... బ్రేకుల గురించి ఒక్కసారైనా ఎందుకు భయపడలేదే?"